కరక్ చాయ్ కళామీమాంస

దోహా నగరమునందు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అను పేట యొకటి కలదు. 2014లో హమద్ అంతర్జాతీయ విమానాశ్రయము సముద్రపుటొడ్డున వెలసి, వచ్చెడి విమానములను, పోయెడి విమానములను తనవైపు త్రిప్పుకొనినను, పదవి పోయిన మంత్రిగారు ఇంటిముందరి పలకను తీయించనట్లు, ఈ పేట తన పేరును విడువలేదు. సరికదా, 2019లో వచ్చిన మెట్రో స్టేషన్‌కును ఆ పేరే అరబ్బీలో దక్కినది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు సమయమున పాత విమానాశ్రయపు తలుపులు మరల తెరచినప్పుడు, పేటలోని మన తెలుగువారు తామే తెరిపించినట్లు మీసములు దువ్వుకొనిరి.

ఇట్టి పేటలో శుక్రవారపు సంధ్యవేళ కరక్ చాయ్ దుకాణము ముంగిట జరుగు సభను చూడనివానికి మనవారి రసజ్ఞత యెట్టిదో తెలియదు. కారు దిగుట అచ్చట ఆచారము కాదు. హారన్ మ్రోగించినచో కుర్రవాడు పరుగున వచ్చి, ఏలకుల వాసనతో, డబ్బాపాలతో మరగి మరగి ఇటుకరంగు తేరిన చాయ్‌ను కాగితపు గ్లాసులలో కిటికీగుండ అందించును. ఆ గ్లాసు వ్రేళ్ళను కాల్చుచున్నంతసేపును అభిప్రాయములును వేడిగనే యుండును. కొత్త తెలుగు చిత్రము గల్ఫులో తరచుగా గురువారమే విడుదలయగును గనుక, ఆ రాత్రి ఆట చూచి వచ్చినవాడే ఆ వారమునకు సభాధ్యక్షుడు. “ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్” అను సూత్రము ఆయన నోట వెలువడుటయే తడవుగా తక్కినవారు భాష్యమునకు పూనుకొందురు. విశేషమేమనగా, చిత్రమును చూడనివారి భాష్యమే దీర్ఘతరము.

ఇంతటి ధారాళహృదయులు శిల్పకళ ప్రసక్తి వచ్చినంతనే పరమ లోభులగుట నన్ను చిరకాలముగా బాధించుచున్న విషయము. హమద్ విమానాశ్రయములో, ఇమ్మిగ్రేషన్ దాటిన పిమ్మట, పసుపుపచ్చని ఎలుగుబంటి యొకటి కాళ్ళు చాచుకొని కూర్చున్నది. స్విట్జర్లాండు శిల్పి ఉర్స్ ఫిషర్ సృష్టి. సుమారు ఏడు మీటర్ల యెత్తు. చూపునకు దూదిబొమ్మ, తట్టినచో కంచు. దాని తల వెనుకనుండి పెద్ద దీపమొకటి మొలచి దానిమీదికే వంగియుండును. 2011లో న్యూయార్కు వేలములో 68 లక్షల డాలర్లు పలికినది.

“బొమ్మ కొన్నారు, సరే. నెత్తిన ఆ దీపం ఎందుకండీ?” అని కోనసీమ బావగారి ఆక్షేపణ. ఆయన లెక్కలు వ్రాయు ఉద్యోగి. జగత్తునందలి ప్రతి వస్తువునకును ఒక పద్దు ఉండవలెనని ఆయన సిద్ధాంతము.

“ఎందుకో నాకెర్కలే గని, సెలవుకు పోయేటప్పుడు ఎలుగుబంటి కాడ కలుద్దామనుకుంటం,” అనెను కరీంనగర్ అన్న. “బంగారం కొనెటోడు కొంటడు, సెంటు సీసాలు చూసెటోడు చూస్తడు. ఆఖరికి అందరు ఆడికే వస్తరు.”

ఏ పత్రికా విమర్శకుడును ఆ శిల్పమునకు ఇంతకంటె ఘనమైన బిరుదు నీయలేడని నా దృఢాభిప్రాయము. బావగారు మాత్రము లొంగలేదు. సిద్రా వైద్యశాల ముందర శిల్పి డేమియన్ హర్స్ట్ నిలిపిన కంచు ప్రతిమలపైకి వాదమును మరల్చిరి. బీజదశనుండి ప్రసవమువరకు గర్భస్థశిశువు యొక్క పరిణామమును చూపు ప్రతిమలవి, పదునాలుగు. 2013లో ఆవిష్కృతములై, పిమ్మట కొన్ని సంవత్సరములు ముసుగు కప్పుకొని, 2018లో మరల లోకమునకు దర్శనమిచ్చినవి. “ఇవన్నీ నలుగురిలో పెట్టేవా?” అని బావగారు ముఖము ముడుచుకొనిరి. భాగవత తృతీయస్కంధములో కపిలమహర్షి సాక్షాత్తు తన తల్లికే పిండోత్పత్తిక్రమమును మాసవారీగా వివరించియున్నాడనియు, ఆ ఘట్టమును మన తాతలు అరుగుమీద కూర్చుండి బిగ్గరగనే చదివిరనియు నేను మనవి చేసితిని. పురాణము పేరు వినబడినంతనే బావగారు సగము తగ్గిరి. మిగిలిన సగము జిదాన్ విగ్రహముమీదికి పోయినది.

2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు తుదిపోటీలో ఫ్రాన్సు ఆటగాడు జిదాన్ ఎదుటివాని రొమ్మును తలతో పొడిచిన ఆ మహాక్షణమును శిల్పి ఆదెల్ అబ్దెస్సెమెద్ కంచులో పోతపోసినాడు. 2013లో దానిని దోహా సముద్రతీరపు బాటప్రక్కన నిలిపిరి. విమర్శలు చెలరేగగా కొన్ని వారములకే తొలగించిరి. “విగ్రహమంటే చెయ్యి చాపి ఉండాలండీ,” అని బావగారి తుదితీర్పు. “మా వైపు ఏ సెంటర్లోనైనా చూడండి, చెయ్యి చాపని నాయకుడున్నాడా? ఈయనేమో తల చాపాడు!”

నేనెరిగిన శిల్పశాస్త్ర సూత్రములలో ఇంత క్లుప్తమైనది మరియొకటి లేదు. ఐనను మనలో మన మాట: సినిమాకును కళకును నడుమ మనవారు కట్టిన గోడను ఎం.ఎఫ్. హుసేన్ ఎన్నడో కూలద్రోసెను. యౌవనమున బొంబాయిలో సినిమా హోర్డింగులు చిత్రించి పొట్ట పోసికొని, పిమ్మట జగద్విఖ్యాతుడై, హైదరాబాదులో ‘సినిమా ఘర్’ నెలకొల్పి, 2004లో ‘మీనాక్షి’ చిత్రమును తీసి, తుదకు 2010లో ఈ ఖతార్ పౌరసత్వమునే స్వీకరించిన ఆ చెప్పులు తొడుగని చిత్రకారుని చేతికి, నిలువెత్తు హోర్డింగునకును చిత్రశాలలోని పటమునకును భేదమున్నట్లు తోచలేదు. మనకు తోచుట విచిత్రము. థియేటరు ముందర తాటిచెట్టెత్తు కట్‌ఔట్ నిలిపి, గజమాల వేసి, నిచ్చెన యెక్కి నెత్తిన బిందెలకొలది పాలు పోయునప్పుడు ఎందుకని యెవ్వడును అడుగడు. ఎలుగుబంటి నెత్తిన దీపమునకు మాత్రము కారణము కావలెనట! పాలు మన జేబులోనివి, దీపము పరులది. ఐనను మన మనస్సు చివుక్కుమనునది దీపమునకే.

ఈ మాట అనగానే సభ నిశ్శబ్దమయ్యెనని వ్రాసికొనుటకు నాకును ఆశయే. కాని ఆ క్షణముననే కుర్రవాడు రెండవ విడత చాయ్‌లు తెచ్చుటచేత నా ఉపన్యాసమును వినినవారు లేరు. అన్న గ్లాసు అందుకొని, “గా ఎలుగుబంటికి పార్ట్ టూ ఉన్నదా?” అని విచారించెను.

ఉన్నది. అదే విమానాశ్రయములో కాస్ అను అమెరికా కళాకారుని ‘స్మాల్ లై’ అను బ్రహ్మాండమైన కొయ్యబొమ్మ, భుజములు జార్చి, తల వంచుకొని నిలుచున్నదని చెప్పితిని. అన్న చాయ్ ఊదుకొనుచు కొంతసేపు ఆలోచించి, “అట్లనే ఉంటది మరి. పార్ట్ టూకు కలెక్షన్లు రాలే,” అనెను.