కంచం ముక్క, కాలి నరం

నా కారు డ్యాష్‌బోర్డు మీద నెల రోజులుగా ఇంజిను బొమ్మ ఆకారంలో ఓ పసుప్పచ్చ దీపం అఖండజ్యోతిలా వెలుగుతోంది. మొదటి వారం భయపడ్డాను. రెండో వారం అలవాటు పడ్డాను. మూడో వారానికి దానికి దణ్ణం పెట్టి బయల్దేరే స్థితికొచ్చాను.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే టై కట్టుకున్న కుర్రాడు టీ ఇచ్చి మరీ చెప్పాడు. "ఈజీఆర్ వాల్వ్ పోయింది సార్, మార్చాలి. 38 వేలు, జీఎస్టీ అదనం." టీ ఎందుకిచ్చాడో అప్పుడర్థమైంది.

ఇంజిను వదిలే పొగలో కొంత వెనక్కి తిప్పి మళ్లీ దాని చేతే మింగించే ఏర్పాటు పేరే ఈజీఆర్. దాంతో లోపల మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. ఎవరి పాపం వాళ్లే అనుభవించాలన్న కర్మ సిద్ధాంతాన్ని ఇనుములో పోతపోస్తే ఇలాగే ఉంటుంది. కాకపోతే తినేది మసి కాబట్టి వాల్వ్ గొంతులో పేరుకుంటుంది. మైలేజీ వస్తుందని డీజిలు కారు కొని, కిలోమీటరున్నర దూరంలో ఉన్న రైతు బజారుకి తోటకూర కోసం వెళ్లొచ్చే నాబోటి వాళ్ల దగ్గర ఇంకా తొందరగా పేరుకుంటుంది. ఇంజిను వేడెక్కేలోపే తోటకూర ఇంటికొచ్చేస్తుంది మరి.

అక్కణ్నుంచి విజయవాడ ఆటోనగర్‌కి పోయాను. మేస్త్రి ఎస్టిమేటు చూసి నవ్వాడు. "రెండు వేలివ్వండి సార్, బైపాస్ చేసేద్దాం" అంటూ మూల నుంచి పాత స్టీలు కంచం ఒకటి తీశాడు. దాని మీద పాత ప్యాకింగ్ పెట్టి, మార్కరుతో చుట్టూ గీత గీసి, కత్తిరించి, రెండు బెజ్జాలు కొట్టాడు. "ఇది మధ్యలో పెట్టి బోల్టులు బిగిస్తే పొగ వెనక్కి రాదు. పికప్ కూడా పెరుగుద్ది."

"మరి లైటు?"

"పక్క షాపు కుర్రాడు లాప్‌టాప్ పెట్టి, అది వెలగకుండా మ్యాప్ కొడతాడు."

జబ్బుకి రేకు, జబ్బుందని చెప్పేవాడి నోటికి ప్లాస్టరు!

"మరి పొల్యూషన్ టెస్టు?"

"ఇంకా బాగా పాసవుద్ది సార్!"

చిక్కేమిటంటే, అతను అబద్ధం చెప్పలేదు. డీజిలు బండికి ఆ టెస్టులో ఎక్సలరేటరు తొక్కి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసెత్తరు. ఈజీఆర్ మూసేస్తే మసి తగ్గుతుంది, ఆక్సైడ్లు పెరుగుతాయి. కంటికి కనిపించేది తగ్గి ఊపిరితిత్తులకి తెలిసేది పెరిగినందుకు మనకి సర్టిఫికెట్ ఇస్తారు. అది లేకపోతే పదివేల దాకా జరిమానా అంటుంది 2019లో సవరించిన చట్టం. ఉంటే మాత్రం బానెట్ ఎత్తి చూసేవాడు లేడు.

ఇదే పని ఫోక్స్‌వాగన్ వాళ్లు సాఫ్ట్‌వేర్‌తో చేశారు. టెస్టు జరుగుతోందని కారే పసిగట్టి, ఆ కాసేపూ ఇన్‌స్పెక్టరు వచ్చిన బడిలా బుద్ధిగా ఉండేది. 2015 సెప్టెంబరులో అమెరికాలో దొరికిపోయాక ప్రపంచమంతా కలిపి అలాంటి కార్లు కోటీ పది లక్షలని తేలింది. పాపం, ఆటోనగర్ అడ్రసు తెలియక అంత కష్టపడ్డారు. ఒక్క కంచంతో పోయేది.

ఆలోచించి చెప్తానని ఇంటికొచ్చి, "నీకు చేసినట్టే కారుకీ బైపాస్ చేయిస్తున్నా నాన్నా" అన్నాను గొప్పగా. ఆయన పంచె పైకి లాగి పిక్క మీద కుట్ల గీత చూపించాడు.

"ఇక్కడి నరం తీసి గుండెకి కొత్త దారి వేశార్రా. మీవాడేం వేస్తున్నాడు?"

"రేకు."

"దారి వేస్తే బైపాస్. ఉన్న దారి మూసేసేదాన్ని కూడా అదే పేరుతో పిలుస్తున్నారా?" కాసేపాగి అన్నాడు. "మా డాక్టరూ మీ మేస్త్రిలాగే ఆలోచించి, నెప్పి తెలీకుండా ఓ ఇంజెక్షనిచ్చి పంపేసుంటే చవగ్గా పోయేవాణ్ణి."

మర్నాడు మళ్లీ ఆటోనగర్‌లో తేలాను. "రేకొద్దు గానీ, విప్పి కడగడం కుదరదా?"

మేస్త్రి నన్ను వింతగా చూశాడు. "ఎందుక్కుదరదు సార్. రెండున్నర వేలు, మూడు గంటల పని. ఎవరూ అడగరు!"

నిజమే. 38 వేలకీ కంచం ముక్కకీ మధ్య ఇంకో దారి ఉందని కంపెనీ చెప్పలేదు, మేస్త్రి చెప్పలేదు, నేనూ అడగలేదు. వాల్వ్ విప్పితే లోపల మాడిన అట్లపెనంలా ఉంది. స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమితే మెల్లగా లోహం రంగు బయటపడింది. వాల్వ్ బతికే ఉంది, గొంతు పూడిందంతే. దీపం దానంతటదే ఆరింది.

బయల్దేరబోతూ, "నా కోసం కత్తిరించిన రేకు వేస్టయింది కదా" అన్నాను, కాస్త మొహమాటంగా.

మేస్త్రి డ్రాయరు లాగాడు. నిండా రేకులే. ఒక్కోదాని మీద ఒక్కో కారు పేరు మార్కరుతో రాసి ఉంది. నాది పైన పడేసి మూశాడు.

"వేస్టేం కాదు సార్. సాయంత్రంలోగా ఎవరో ఒకరొస్తారు."