ఖాళీ

ఆయన కరెంటాఫీసులో బిల్లుల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఊరు రెంటచింతల పక్కనే. రాష్ట్రంలో ఎండ ఎంత కాసిందో రాయడానికి పేపర్లవాళ్లు ముందు చూసేది ఆ వైపే. ఎండ ముదిరేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరుగుతుంది, ఫ్యూజు పోతుంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ వీధివాళ్లు ఆయన గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు. "పది నిమిషాల్లో వస్తుంది" అనేవాడు. ఒక్కోసారి వచ్చేది కూడా.

2024లో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చాక డాబా మీద సోలార్ పెట్టించాడు. 3 కిలోవాట్లు. సబ్సిడీ 78,000 రూపాయలు. ప్యానెళ్లు బిగించడానికి వచ్చిన కుర్రాడు బ్యాటరీ మాటెత్తాడు.

"బిల్లులు చూసినవాడికి లెక్కలు చెప్తావా? పగలు మనం లైన్‌కి ఇస్తాం. రాత్రి లైన్‌లోంచి తీసుకుంటాం. లైనే మన బ్యాటరీ" అన్నాడు ఆయన.

కుర్రాడు ఇంకేదో చెప్పబోయాడు.

"ముందు ఆ మూల బోల్టు బిగించు."

రోజుకు 12 యూనిట్ల దాకా వచ్చేవి. ఇంటికొచ్చినవాళ్లందర్నీ నెట్ మీటరు దగ్గరికి తీసుకెళ్లి, లైన్‌కి ఎంత ఇచ్చాడో, ఎంత తీసుకున్నాడో చూపించేవాడు. "ఇన్నాళ్లూ వాళ్లు నాకు జీతమిచ్చారు. ఇప్పుడు నేను వాళ్లకు కరెంటిస్తున్నా" అనేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. అరుగు మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టాడు. కొత్త బోర్డు. ఆరు సాకెట్లు, చివర ఒక ఎర్ర లైటు. కిటికీ ఊచల్లోంచి వైరు బయటికి లాగి, బోర్డును గోడకు రెండు మేకులు కొట్టి నిలబెట్టాడు. కరెంటు పోతే ఇక ఎవరూ ఆఫీసుకు ఫోన్లు చేయనక్కర్లేదని, ఇక్కడికే వచ్చి చార్జింగ్ పెట్టుకోమని వీధంతా చెప్పాడు.

ఎదురింటి మామ్మ వచ్చి సాకెట్లు లెక్కపెట్టుకుని వెళ్లింది. ఆమె మనవడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పాసై ఇంట్లోనే ఉన్నాడు. వాడికోసం ఆమె ఆ అరుగు చాలాసార్లు ఎక్కింది. ఖాళీల్లేవన్న మాట విని అన్నిసార్లూ దిగింది. ఈలోగా ఆయన బావమరిదికి ఒక ఖాళీ, బావమరిది కొడుక్కి ఇంకో ఖాళీ దొరికాయి.

మే నెల. మిట్టమధ్యాహ్నం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఢామ్మని మోగింది. వీధంతా ఫ్యాన్లు ఆగాయి. కాసేపటికి ఫోన్లు, చార్జర్లు పట్టుకుని జనం అరుగెక్కారు. మామ్మ మనవడి ఫోను తెచ్చింది. ఆరు సాకెట్లూ నిండాయి.

ఎర్ర లైటు వెలగలేదు.

ఆయన స్విచ్చి వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. లోపలికి వెళ్లి చూస్తే ఇంట్లోనూ ఫ్యాను తిరగడం లేదు. డాబా ఎక్కాడు. ప్యానెళ్లు చెయ్యి పెడితే కాలేట్టున్నాయి. కిందికొచ్చి, బిగించిన కుర్రాడికి ఫోన్ చేశాడు. నలుగురి ముందూ నిలదీయాలని స్పీకర్ ఆన్ చేశాడు.

"లైన్‌లో కరెంటు ఉంటేనే మీది పనిచేస్తుంది సార్" అన్నాడు కుర్రాడు. "లైన్ పోగానే మీ ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. ఆగకపోతే మీ కరెంటు లైన్‌లోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే మనిషిని కొడుతుంది. లైన్ లేకపోయినా నడవాలంటే బ్యాటరీ ఉండాలి, దానికి తగ్గ ఇన్వర్టరూ ఉండాలి. ఆ రోజు ఇదే చెప్పబోతే బోల్టు బిగించమన్నారు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఎప్పుడొస్తుందండీ అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"పది నిమిషాల్లో" అన్నాడు.

మామ్మ చార్జర్ పీకి, వైరు చుట్టి కొంగున ముడేసుకుంది. అరుగు దిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని డాబా వైపు చూసింది.

"మావాడికేమో ఖాళీల్లేవన్నావు. సూర్యుణ్ణి మాత్రం మీ ఆఫీసులోనే వేయించావా నాయనా?"