గణితోపాధ్యాయ వార్షిక సదస్సు: ఆహ్వానపత్రికకు టీకా తాత్పర్యం

అవతారిక

కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానానికి పూనుకునే ముందే ఒట్టు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని. మెతుకుసీమ మనిషి, మాట మీద నిలబడ్డాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. పైగా మనం చేపట్టిన గ్రంథంలో ఉన్నవే ఎక్కువగా అక్కరలేనివి. వాటిని వదిలేస్తే టీక మిగలదు.

మూలం

"జిల్లా గణితోపాధ్యాయుల వార్షిక సదస్సు. ఉ. 9.00కు ప్రారంభసభ: జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి సందేశం, విశిష్ట, ఆత్మీయ అతిథుల ప్రసంగాలు, సన్మానాలు. మ. 1.00కు భోజన విరామం. అనంతరం పత్ర సమర్పణలు (ఒక్కొక్కరికి 5 నిమిషాలు). ఓడీ సౌకర్యం కలదు. అందరూ ఆహ్వానితులే."

టీక

'ఉ. 9.00కు' అనునది స్పష్టము. 'భోజన విరామం' మరింత స్పష్టము.

'ముఖ్య, విశిష్ట, ఆత్మీయ అతిథులు': ఇచట అతిథులు త్రివిధములు. ఎవరు రానిదే దీపం వెలగదో వాడు ముఖ్యుడు. ముఖ్యుడు రాకుంటే ఆ కుర్చీలోకి జరిగేవాడు విశిష్టుడు. భోజనాల ఖర్చు భరించినవాడు ఆత్మీయుడు. ఈ మువ్వురిలో ఒక్కడైనా లెక్క చేయగలవాడై ఉండవలెనన్న నియమం మూలంలో కానరాదు.

'సందేశం': దీనికి రెండు అంగములు. మొదటిది రామానుజన్ టాక్సీ. 2012 నుంచి డిసెంబరు 22ను జాతీయ గణిత దినోత్సవంగా జరుపుతున్నాం కనుక, సదస్సు ఆ దరిదాపుల్లో పడితే టాక్సీ రెండుసార్లు వస్తుంది. రామానుజన్‌ను చూడడానికి గణితవేత్త హార్డీ ఎక్కి వచ్చిన బండి నంబరు 1729. ఒకటి, పన్నెండుల ఘనాలు కూడినా అంతే, తొమ్మిది, పదుల ఘనాలు కూడినా అంతే. ఈ సంగతిని ఫ్రాన్సులో ఫ్రెనికల్ అనే ఆయన 1657లోనే గుర్తించాడని ఏ అతిథీ చెప్పడు. చెప్పనక్కర కూడా లేదు, రామానుజన్ పరువు దాని వల్ల తగ్గదు. నా బాధ వేరే. ఇలాంటి గుణమే ఉన్న తర్వాతి సంఖ్య 4104. హాల్లో కూర్చున్నవాళ్లంతా లెక్కల మాస్టార్లు. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి కాసేపు వదిలేస్తే అదెలాగో వాళ్లే తేల్చేవారు. కాగితాలు పంచారు, నిజమే. వాటి మీద స్వాగతగీతం అచ్చువేసి ఉంది.

రెండో అంగం పావులూరి మల్లన. ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. ఆయన చేసిన పని చెప్పరు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తన ఊరి పిల్లవాడికి తెలిసిన మాటల్లో లెక్క చెప్పాడన్నమాట. ఆయన పేరు మీద చప్పట్లు మోగుతుండగానే వేదిక మీద ఒకాయన 'పెడగాజికల్ పారడైమ్ షిఫ్ట్' అన్నాడు.

విశేషాంశం

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టక తప్పదు. భాస్కరాచార్యుడి లీలావతి 1150 నాటిది. భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే భాజకంలో లవహారాలను తారుమారు చేసి గుణించమంటుంది. మన ఏడో తరగతి పిల్లలు నేర్చుకునేదీ అదే సూత్రం. సూత్రం ఎప్పుడూ పొట్టిది. అది ఎందుకు నిజమో చెప్పేవాడు వేరే కావాలి. ఆ పనికి వచ్చినవాళ్లే వ్యాఖ్యాతలు. 1545లో గణేశ దైవజ్ఞుడు లీలావతికి బుద్ధివిలాసిని రాస్తూ సూత్రాల వెంట ఉపపత్తులు ఇచ్చాడు. భాస్కరుడి బీజగణితానికి బీజపల్లవం రాసిన కృష్ణ దైవజ్ఞుడు, కేరళలో లీలావతికి క్రియాక్రమకరి రాసిన శంకర వారియర్ కూడా ఆ బాటవాళ్లే. పదానికి పదం చెప్పి ఊరుకుంటే లెక్కల పుస్తకానికి టీక పూర్తికాదని వాళ్లకు తెలుసు. 'ఎందుకు?' అని అడగడం నిన్న మొన్న శిక్షణ తరగతుల్లో దిగుమతి అయిన అలవాటు కాదు.

సదస్సు సంగతి మరిచాననుకునేరు. మరవలేదు, ఈ పక్కదారి అక్కడికే చేరుతుంది.

'పత్ర సమర్పణ': ఆ రోజు ఒక పల్లెటూరి హైస్కూలు నుంచి తొలి బస్సు పట్టుకుని ఒక టీచరమ్మ వచ్చింది. 1/2ని 1/4తో భాగించమంటే పిల్లలు 1/8 అని ఎందుకు రాస్తున్నారన్నది ఆమె పత్రం. 'భాగిస్తే తగ్గాలి కదా టీచర్!' అని వాళ్ల వాదన. అది తెలివితక్కువ వాదన కాదు. మూడో తరగతి నుంచి మనం నేర్పిన భాగహారమంతా తగ్గిస్తూనే వచ్చింది. ఆమె కాగితం పట్టీలు కత్తిరించి తెచ్చింది. అరలో పావులెన్ని? రెండు. పావులో వీసాలెన్ని? నాలుగు. భాగించే ముక్క చిన్నదైనకొద్దీ లెక్కకు ఎక్కువ ముక్కలొస్తాయి. తారుమారు చేసి గుణించడం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పబోతూ మూడో పట్టీ తీసింది. గంట మోగింది. 'సమయాభావం వల్ల...' అన్నారు మైకులో.

'సమయాభావం': అన్నంభట్టు తర్కసంగ్రహం తిరగేసినవారికి అభావాలు నాలుగని తెలుసు. వీటిలో ఇది ఏది? ప్రాగభావం, అంటే పుట్టకముందు లేకపోవడం, కాదు. ఉదయం తొమ్మిదికే సమయం పుట్టింది. అత్యంతాభావం కాదు, ఏ కాలంలోనూ లేనిదైతే అంతమంది అతిథులకు ఎలా సరిపోయింది? అన్యోన్యాభావం కాదు, అది ఒకటి మరొకటి కాకపోవడం, ఇక్కడ దానికి పనిలేదు. కాబట్టి ఇది ప్రధ్వంసాభావం. ఉన్నదే, ధ్వంసం చేయబడింది. ధ్వంసానికి కరణములు శాలువలు, జ్ఞాపికలు, ఒకరి పరిచయాన్ని ఇంకొకరు చదవడం.

పూర్వపక్షం: సన్మానాలు లేకుంటే పెద్దలు రారు, పెద్దలు రాకుంటే నిధులు రావు, నిధులు లేకుంటే సదస్సే లేదు కదా?

సమాధానం: నిధులన్నీ పెద్దలకే ఖర్చవుతున్నప్పుడు పెద్దలు లేని సదస్సుకు నిధులెందుకు? ఒక బోర్డు, నాలుగు సుద్దముక్కలు, సెలవురోజు ఖాళీగా ఉండే తరగతి గది చాలవా? భోజనం కాగానే ఓడీ (ఆన్ డ్యూటీ) కాగితం జేబులో పెట్టుకుని జారుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. పొద్దుటి నుంచి ఒక్క లెక్క వినబడని చోట లెక్కల మాస్టారు దేనికోసం ఆగాలి? కానీ టీచరమ్మ మాట్లాడే వేళకు హాల్లో మిగిలినవాళ్లు ఆమె తర్వాత చదవాల్సినవాళ్లే. వాళ్లూ తమ కాగితాలే చూసుకుంటున్నారు.

తాత్పర్యం

గణితం చెప్పేవాళ్లందరూ ఏడాదికోసారి ఒకచోట చేరి గణితం తప్ప అన్నీ మాట్లాడుకుని, ఒక ఫొటో దిగి విడిపోవుదురని భావము.

పాఠాంతరం

వచ్చే ఏటి ప్రతిలో ఈ పాఠం గ్రాహ్యము: "ఉ. 9.00కు భిన్నాల భాగహారం, చర్చ. గంట మోగదు. మ. 1.00కు భోజనం. అనంతరం అతిథుల సందేశాలు (ఒక్కొక్కరికి 5 నిమిషాలు)." దీన్ని అచ్చుతప్పుగా భావించి సవరించవద్దని కార్యవర్గానికి మనవి. ఇక వేదికనెక్కే అర్హత మాట: 4104ను రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాసి చూపినవారికే మైకు ఇవ్వవలెను. చూపలేనివారు శాలువ తీసుకుని వెళ్లవచ్చును.