రిమోట్ ఢిల్లీలో, చలి మాదాపూర్‌లో

2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ గారి దృష్టి దేశప్రజల బొటనవేలి మీద పడింది. ఇకమీదట వచ్చే ఏసీలు 20 డిగ్రీలకు కిందికి దిగవు, 28కి పైకి ఎక్కవు, ఆ మేరకు నిబంధన త్వరలోనే తెస్తున్నాం అని ప్రకటించారు. ఇలాంటి ప్రయోగం ఇదే మొదటిసారి అని కూడా చెప్పుకున్నారు. 16 మీద దుప్పటి కప్పుకుని పడుకోవడం ప్రాథమిక హక్కా కాదా అని జనం వాట్సాప్‌లో రాజ్యాంగాన్ని తిరగేయడం మొదలుపెట్టారు. వాళ్ళు ఇంకా పీఠిక దాటకముందే పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ గారు కల్పించుకుని, అబ్బే, ఇదంతా ఇప్పటికిప్పుడు జరిగేది కాదు, 2050 తర్వాత మాట అన్నట్టుగా సర్దిచెప్పారు.

ఒక మంత్రిగారి 'త్వరలో'కీ, ఇంకో మంత్రిగారి 'తర్వాత'కీ మధ్య పాతికేళ్ళు. రోడ్డు తవ్విన కాంట్రాక్టరు చెప్పే 'రేపు'తో పోలిస్తే ఇదేం పెద్ద వ్యవధి కాదు. ఇవాళ గచ్చిబౌలిలో ఫ్రెషర్‌గా చేరిన కుర్రాడు అప్పటికి బట్టతలతో, బీపీ మాత్రతో, నల్లగండ్ల ఫ్లాటు ఈఎంఐ ఆఖరి వాయిదాలు కడుతూ ఉంటాడు. అప్పుడు వచ్చి చెబుతారు: బాబూ, ఇక 20కి కిందికి దిగకు. అతను దిగలేడు కూడా, మోకాళ్ళు సహకరించవు.

ఖట్టర్ గారి లెక్కల్లో తప్పేమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఏసీని ఒక డిగ్రీ పైకి జరిపితే దాని కరెంటు ఆరు శాతం దాకా ఆదా అవుతుందని బీఈఈ, అంటే మన ఏసీల మీద నక్షత్రాలు అంటించే ఇంధన సామర్థ్య సంస్థ, ఎప్పటినుంచో చెబుతోంది. 2024 మే 30న దేశం ఒకే క్షణాన 250 గిగావాట్లు లాగింది. అలాంటి రద్దీ వేళ అయిదో వంతు ఏసీల వాటాయేనని విద్యుత్ శాఖ అధికారులే అన్నారు. దేశమంతా ఒక్క డిగ్రీ పైకి జరిగితే మూడు గిగావాట్లు మిగులుతాయట. మూడు గిగావాట్లంటే చిన్న ముచ్చట కాదు, పెద్దపెద్ద థర్మల్ కేంద్రాలు కొన్ని అసలు కట్టనవసరం లేకుండా పోతుంది.

పైగా ఇది మొదటి యత్నమూ కాదు. 2020 జనవరి 1 నుంచి అమ్మే స్టార్ రేటింగ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని చట్టబద్ధంగా నిబంధన తెచ్చారు. నిపుణులు కూర్చున్నారు, ముసాయిదాలు రాశారు, గెజెట్లో అచ్చువేశారు. కంపెనీలన్నీ బుద్ధిగా 24 పెట్టాయి. మనవాడు రిమోట్ తీసుకుని కిందిబాణాన్ని ఎనిమిదిసార్లు నొక్కాడు. గెజెట్ నోటిఫికేషన్‌కూ పదహారుకూ మధ్య దూరం ఎనిమిది నొక్కులు.

ఎందుకు నొక్కాడయ్యా అంటే, పదహారు పెడితే గది త్వరగా చల్లబడుతుందని. పాతరకం ఏసీలో కంప్రెసర్‌కి తెలిసినవి రెండే పనులు, తిరగడం, ఆగడం. 24 పెట్టినా 16 పెట్టినా అది తిరిగే వేగం ఒకటే. ఎప్పుడు ఆగాలో మాత్రమే ఆ అంకె చెబుతుంది. కానీ లిఫ్ట్ బటన్ నాలుగుసార్లు నొక్కితే లిఫ్ట్ నాలుగింతల వేగంతో వస్తుందని నమ్మే జాతికి ఈ భౌతికశాస్త్రం ఎవరు చెబుతారు?

ఇంతవరకూ ఇళ్ళ సంగతి. హైటెక్ సిటీ సంగతి వేరు. అక్కడ నిబంధన పెట్టడానికి అసలు రిమోటే లేదు.

మీరు ఎప్పుడైనా ఐటీ కారిడార్ భవనంలో మే నెల మధ్యాహ్నం అడుగుపెట్టారా? బయట 42. కారు పార్కింగ్ నుంచి గాజు తలుపు దాకా నడిచేసరికి చొక్కా వీపుకి అంటుకుపోతుంది. లోపలికి వెళ్ళి కార్డు గీకి పైఅంతస్తు చేరితే, మూడొందల మంది హుడీలు వేసుకుని కూర్చుని ఉంటారు. కొందరు టోపీ కూడా లాక్కుని, చేతులు చంకల్లో పెట్టుకుని, కోడు వంక చూస్తుంటారు. చేరిన రోజే సంస్థ వాళ్ళకు ఇచ్చే కిట్‌లో ఒక నీళ్ళ సీసా, ఒక డైరీ, ఒక హుడీ ఉంటాయి. హైదరాబాదులో ఉద్యోగానికి ఉన్ని చొక్కా ఎందుకు పంచుతున్నారని ఏ ఆడిటరూ అడగడు. ముందు కరెంటు ఖర్చుపెట్టి మనిషిని చల్లబరచి, ఆపైన బట్ట ఖర్చుపెట్టి అదే మనిషిని వెచ్చబరచే ఈ ఏర్పాటుకి ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ అని పేరు.

జపాన్‌లో ఈ పని తలకిందులుగా చేశారు. 2005లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కోయికె 'కూల్ బిజ్' అని ఒక ఉద్యమం మొదలుపెట్టి, ఆఫీసుల్లో ఏసీ 28 దగ్గర పెట్టండి, కోట్లూ టైలూ విప్పేయండి అన్నారు. ప్రధాని కొయిజుమి తానే టై విప్పి టీవీలో కనిపించారు. 2022లో స్పెయిన్ ఆఫీసులకూ దుకాణాలకూ 27 గీత గీసినప్పుడు అక్కడి ప్రధాని కూడా అదే పని చేశారు. మన కారిడార్‌లో విప్పడానికి టైలు లేవు, అవి ఇంటర్వ్యూ రోజునే విప్పేశారు. ఉన్నది హుడీ. దాన్ని విప్పితే జ్వరమొస్తుంది. అప్పుడెప్పుడో 1979లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఆఫీసుల్లో ఏసీ 78 ఫారెన్‌హీట్, అంటే పాతికన్నర డిగ్రీలకు తగ్గకూడదని ఉత్తర్వు ఇస్తే, తర్వాత వచ్చిన రీగన్ నెల తిరిగేలోపే దాన్ని చింపేశారు. మన టెక్ పార్కుల్లో మాత్రం రీగన్ ఇంకా పదవిలోనే ఉన్నారు.

సరే, చలేస్తుంటే తగ్గించమని అడగొచ్చు కదా అంటారు. గోడ మీద థర్మోస్టాట్ ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. పెట్టెకు తాళం ఉంటుంది. తాళంచెవి ఫెసిలిటీస్ వాళ్ళ దగ్గర ఉంటుంది. ఫెసిలిటీస్ వాళ్ళకు టికెట్ రైజ్ చేయాలి. కుర్రాళ్ళు అమెరికాలో బ్యాంకు సర్వర్ పడిపోతే పది నిమిషాల్లో లేపుతారు గానీ, తమ నెత్తిమీది గాలిని ఒక డిగ్రీ జరపడానికి మూడు అనుమతులు కావాలి. రెండోనాడు జవాబు వస్తుంది: "మీ విజ్ఞప్తి అందింది. బీఎంఎస్‌లో 23 చూపిస్తోంది. టికెట్ మూసివేయడమైనది." అంటే చలి మీకే వేస్తోంది, భవనాన్ని నడిపే కంప్యూటర్‌కి వేయడం లేదు. చివరికి ఎవరో ఒక అమ్మాయి కుర్చీ ఎక్కి, కొరియర్ డబ్బా అట్టముక్క చింపి, బ్రౌన్ టేపుతో ఫాల్స్ సీలింగ్ జాలీకి అంటిస్తుంది. ఆ గాలి పక్క క్యూబికల్ మీదికి మళ్ళుతుంది. అక్కడివాడు మర్నాడు తన అట్టముక్క తెచ్చుకుంటాడు.

చలి ముందుగా ఆడపిల్లలకే ఎందుకు వేస్తుందో 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇద్దరు విప్పిచెప్పారు. ఆఫీసు ఉష్ణోగ్రతను నిర్ణయించే సూత్రం 1960ల నాటిది. అందులో మనిషంటే నలభై ఏళ్ళ, డెబ్భై కిలోల మగవాడు. ఆయన ఒంటి వేడిని బట్టి లెక్క కట్టారు. మాదాపూర్‌లో ఆయన ఎక్కడా కనబడడు, అయినా ప్రతి అంతస్తులోనూ ఆయన సుఖం కోసమే చిల్లర్లు అనే పెద్ద శీతల యంత్రాలు తిరుగుతుంటాయి. ఇరవై మూడేళ్ళ అమ్మాయి మే నెలలో శాలువా కప్పుకుని, ఆ అదృశ్య పురుషుణ్ణి ఆఫీసు ఖర్చుతో సుఖపెడుతూ ఉంటుంది. రాత్రి షిఫ్టులో అయితే మరీ విడ్డూరం. ఫ్లోరంతా కలిపి పదిమంది ఉంటారు, చల్లగాలి మాత్రం మూడొందల మందికి సరిపడా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఖాళీ కుర్చీలకు చలికాలం పంచుతారు.

ఇంత చలి ఎందుకు కావాలి? గాజు కాబట్టి. ఈ భవనాలు మొదట ఎండను లోపలికి పిలుస్తాయి, తర్వాత దాన్ని గెంటడానికి టన్నుల కొద్దీ చిల్లర్లు పెట్టుకుంటాయి. 1998లో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి చుట్టూ ఉన్నవి గుట్టలూ బండలూ. ఆ తర్వాత లేచినవాటిలో ఎక్కువ చలిదేశాల వేషం వేసుకున్నవే. సూర్యుడు ఏడాదికి పది రోజులు కనబడే ఊళ్ళో ఎండ కోసం కట్టుకునే అద్దాల గోడను, సూర్యుడు నెత్తిమీద కాపురముండే ఊళ్ళో పడమర వైపుగా నిలబెట్టాం. ఇంధన పొదుపు భవన నియమావళి గోడలో గాజు వాటా నలభై శాతం దాటకూడదంటుంది. తెలంగాణ కూడా ఆ నియమావళిని తెచ్చుకుంది. కాకపోతే నలభై దాటాలనుకునేవారికి అందులోనే పక్కదారి ఉంది, భవనం మొత్తం మీద కరెంటు లెక్క సరిపోతుందని కంప్యూటర్ నమూనాలో చూపించుకోవచ్చు. మీ ఇంటి ఏసీకి మాత్రం, ఆ 20 నిబంధన వస్తే, ఏ కంప్యూటర్ నమూనా చూపించినా 19 ఇవ్వరు.

చోద్యమేమిటంటే, దీనికి విరుగుడు అక్కడే, కొత్తగూడ పక్కనే ఉంది. సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్న మొట్టమొదటి భవనం. గుండ్రంగా, నడుమ ఖాళీ ఆవరణతో, జాలీ గోడలతో ఉంటుంది. రెండు గాలి గోపురాలు బయటి గాలిని పట్టి, కాస్త చల్లబరచి ఏసీకి అందిస్తాయి, దాని పని కొంత తేలికవుతుంది. మన పాతకాలం వాళ్ళు వట్టివేళ్ళ తడికెలు తడిపి కిటికీలకు కట్టుకున్న తెలివే, కొంచెం ఇంజినీరింగ్ చదువుకుని వచ్చింది. ఇరవై ఏళ్ళుగా బిల్డర్లూ ఆర్కిటెక్టులూ బస్సుల్లో వచ్చి దాన్ని చూస్తారు. ఫొటోలు దిగుతారు. బిస్కెట్లు తింటారు. వెనక్కి వెళ్ళి గాజుపెట్టె కడతారు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ దేశంలోనే మొదటిసారిగా కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేయాలి. మంచి విధానమే, బోరబండ రేకులిల్లుకీ బోయిన్‌పల్లి డాబాకీ నిజంగా ప్రాణదానమే. ముప్ఫై అంతస్తుల గాజు టవరుకి మాత్రం కప్పు ఎంత? ఒళ్ళంతా గోడలే. గొడుగు వేసుకుని పొయ్యి మీద కూర్చున్నట్టు ఉంటుంది ఆ తెల్లపూత.

ఇక చెట్ల మాట. 2025 మార్చి నెలాఖరున, కేంద్రం ఏసీ అంకెలు ప్రకటించడానికి కాస్త ముందు, కంచ గచ్చిబౌలిలో నాలుగొందల ఎకరాల మీదికి రాష్ట్ర ప్రభుత్వం బుల్‌డోజర్లు పంపింది. ఐటీ పార్కుల కోసమే. హైదరాబాద్ యూనివర్సిటీ పిల్లలు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. కరెంటు బిల్లు లేకుండా, టికెట్ రైజ్ చేయకుండా, స్టార్ రేటింగ్ లేకుండా ఆ ప్రాంతాన్ని చల్లబరుస్తున్న యంత్రాలు అక్కడి చెట్లు. వాటిని కొట్టేసి, అక్కడ గాజు కట్టి, లోపల ఏసీ పెట్టి, ఆ ఏసీని 20కి తగ్గించకండి అని బోర్డు పెడితే ఇంధన పొదుపు పూర్తవుతుంది. ప్రభుత్వాలకు చెట్టు జోలికి వెళ్ళకుండా ఉండటం కష్టం, గాజు జోలికి వెళ్ళడం ఇంకా కష్టం. గాజు వెనక పెట్టుబడి ఉంటుంది, దాని వెనక దావోస్ ఫొటో ఉంటుంది. రిమోట్ వెనక రెండు పెన్సిల్ బ్యాటరీలు ఉంటాయి, అంతే. అందుకే పట్టుకుంటే దాన్నే పట్టుకుంటారు.

నిజానికి ఏసీ మీద కట్టడి ఈ ఊళ్ళో ఒకేఒక్కసారి పనిచేసింది. అది ప్రభుత్వం పెట్టింది కాదు. 2024 ఏప్రిల్‌లో యాప్ క్యాబ్ డ్రైవర్ల యూనియన్ 'నో ఏసీ' అని ఉద్యమం పెట్టింది. యాప్ ఇచ్చే డబ్బు డీజిల్‌కే చాలదు, ఏసీ ఎక్కడ వేసేది అన్నారు. "కావాల్నంటే ఏస్త సార్, పైన ఇంత ఇయ్యుండ్రి" అని డ్రైవరన్న అద్దంలోంచి చూస్తూ చెప్పేసరికి, ఇంట్లో 16కి దిగందే నిద్రపట్టనివాళ్ళు కూడా కిటికీ దించుకుని, "పర్లేదన్నా, గాలి బానే వస్తోంది" అన్నారు. ఐకియా దాటకముందే ఇంధన పరిరక్షణ స్పృహ కలిగింది. బీఈఈ ప్రచారాలు సాధించలేనిదాన్ని యాభై రూపాయలు సాధించింది.

లోపలి చలికి లెక్క ఉంది, ఆ చలి కోసం బయటికి వదిలే వేడికి లేదు. మూడొందల మందికి హుడీ వేయించిన చిల్లర్లు ఆ వేడినంతా పైనుంచి రోడ్డు మీదికే ఊదుతాయి. ఆ రోడ్డు మీద హెల్మెట్‌లో ఉడుకుతూ బిర్యానీ తెచ్చే కుర్రాడుంటాడు. గేటు దగ్గర గొడుగులేని సెక్యూరిటీ తాత ఉంటాడు. ఇరవైకి తగ్గకూడదట తాతా, ఏమంటావు అని ఆయన్నడిగితే, "మాకు ఏసీ రాదనుకుంటున్రా సార్? తలుపు తీసినప్పుడల్ల వస్తది. దబదబ లోపలికి పోకుండ్రి, జర నిలబడి పోండ్రి" అన్నాడు.

ఈ మొత్తం వ్యవహారంలో ఏ కష్టమూ లేనివాడు ఒకడున్నాడు. అమెజాన్ 2022లో తన క్లౌడ్ కేంద్రాల్లో హైదరాబాద్‌నూ చేర్చింది, మిగతా పెద్దసంస్థలూ ఇక్కడికే వస్తున్నాయి. డేటా సెంటర్లలో సర్వర్లకు అందే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిదని ఆ రంగంలో అందరూ పాటించే ఆష్రే ప్రమాణం. మనుషులకు ఖట్టర్ గారు ఇస్తామన్నది 20 నుంచి 28. అటు చూసినా ఇటు చూసినా సర్వరే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ సుఖపడుతుంది. దానికి నోటీస్ పీరియడ్ లేదు, హుడీ అక్కర్లేదు, కరెంటు పోతే దానికోసం జనరేటర్ ముందే సిద్ధంగా ఉంటుంది. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, అర్ధరాత్రి ఇంజినీర్లు నిద్రలేచి పరుగెత్తుకొస్తారు. మా అపార్ట్‌మెంట్లో ఇంటర్ రాసిన కొడుకున్న తల్లులు కొందరు ఈ విషయం విన్నారు. ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో చేర్పిస్తే మా వాణ్ణి అలా చూసుకుంటారండీ అని అడుగుతున్నారు.