చోటు చూడకుండా మొక్క తెస్తే ఎలా?

మా రోజుల్లో గదికో మొక్క పెట్టుకోవడం అనే మాటే లేదు. మొక్కలన్నీ ఇంటి చుట్టూ ఉండేవి, దేని చోటు దానిది. ఎండ పడేచోట తులసికోట, నూతిగట్టు నీళ్లు పారేచోట అరటి పిలకలు, చేమ. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొదట్లోకి వెళ్లేవి. సన్నజాజి పందిరిని పడకగది కిటికీ దగ్గరే వేసేవారు, సాయంత్రం విచ్చిన పూల వాసన లోపలికి రావాలని. పడమటి ఎండకు గోడ కాలకుండా అటు వైపున వేపచెట్టు. మా అమ్మమ్మలకు ఇదంతా ఎవరూ నేర్పలేదు. ఎండ, నీడ, తడి చూసి నాటేవారు, అంతే.

ఇప్పుడు వరస తిరగబడింది. ముందు సోఫా, ఆ తర్వాత దానికి నప్పే కుండీ, చివరికి ఆ కుండీలో ఇమిడే మొక్క! మొన్న బంధువుల ఫ్లాట్‌లో టీవీ పక్క మూలలో అరేకా పామ్ చూశాను. పట్టపగలు లైటు వేస్తే తప్ప పేపరు చదవలేని మూల అది. ఆకుల కొసలు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. మట్టిలో వేలు పెడితే బురద. కుండీ అడుగున చిల్లే లేదు. ఆ ఇంటి కోడలు పాపం రోజూ చెంబుడు నీళ్లు పోస్తూనే ఉంది. ఆ పిల్లకు ప్రేమ లేక కాదు, చెప్పే పెద్దలు దగ్గర లేక. కడియం నర్సరీల్లో గోదావరి గాలికి, తడికి ఏపుగా పెరిగిన మొక్కను తెచ్చి ఏసీ గదిలో, వెలుతురు లేని మూలన నిలబెడితే ఎన్నాళ్లు బతుకుతుంది?

పైగా గాలిని శుభ్రం చేస్తుందని కొంటున్నామంటారు. 1989లో నాసా చేసిన ప్రయోగం సంగతి అది. గాలి చొరబడని చిన్న గదుల్లో మొక్కలు పెట్టి చూశారు. మన ఇళ్లు అలాంటివి కావు. పాత ప్రయోగాలెన్నిటినో తిరిగి లెక్కగట్టి 2019లో పరిశోధకులు తేల్చిందేమిటంటే, మామూలుగా ఇంట్లో ఆడే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ 10 మొక్కలు కావాలట. మా కాలంలో ఆ పని ఎదురెదురు కిటికీలు చేసేవి. ఇప్పుడు వాటిని మూసేసి మొక్క మీద భారం వేస్తున్నారు.

అందుకే చెబుతున్నాను, వినండి. తూర్పు బాల్కనీ ఉంటే తులసి, మందారం, కరివేపాకు అక్కడే పెట్టండి. హాల్లో కిటికీకి దగ్గరగా, నేరుగా ఎండ తగలనిచోట అరేకా పామ్ హాయిగా ఉంటుంది. వెలుతురు తక్కువున్న పడకగదికి స్నేక్ ప్లాంటో, జీజీ ప్లాంటో చాలు. మట్టి పూర్తిగా ఆరాకే వాటికి నీళ్లు పోయాలి. వంటింటి కిటికీలో పొయ్యి సెగ తగలనంత దూరాన మనీప్లాంట్ పెట్టుకోవచ్చు. చిన్న కిటికీ ఉన్న స్నానాలగదిలో ఆ తేమకు పీస్ లిల్లీ బాగుంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం మనీప్లాంట్, పీస్ లిల్లీ, డైఫెన్‌బాకియా చేతికి అందనివ్వకండి. ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే.

ఫ్లాట్లలో పెరడు లేకపోవడం మీ తప్పు కాదు. వెలుతురు ఎక్కడుందో చూడకపోవడం మాత్రం మీ తప్పే. నర్సరీకి వెళ్లే ముందు ఒక్కరోజు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఏ గదిలోకి ఎంత ఎండ వస్తోందో గమనించండి. ఆ తర్వాతే మొక్క కొనండి.