తూకంరావు

రుషికొండ ఐటీ కొండ దిగువన, సాయంత్రం ఏ టీ బండి దగ్గర చూసినా ఒక తూకంరావు ఉంటాడు. మెడలో కంపెనీ ట్యాగు, చేతిలో అల్లం టీ. మీరు ఏ వీడియో గేమ్ ఆడుతున్నారని ఎంతో ప్రేమగా అడుగుతాడు. అది తేలికని తేల్చడానికి!

"బీజీఎంఐయా? అదీ ఒక ఆటేటి గురూ! గడ్డిలో బోర్లా పడుకుంటే చాలు, టాప్ టెన్ వచ్చేస్తాది."

వందమంది దిగే మైదానంలో ఎప్పుడు కదలాలో, ఎప్పుడు నక్కాలో తెలియడమే ఆ ఆటలో అసలు విద్య. ఆ సంగతి అతనికి చెప్పి లాభం లేదు.

స్టార్‌క్రాఫ్ట్ పేరెత్తి చూడండి. కొరియా ఆటగాళ్లు సైన్యాన్నీ గనుల్నీ ఒకేసారి చూసుకుంటూ నిమిషానికి 300 పైచిలుకు నొక్కులు నొక్కుతారు. "అది టైపింగు హయ్యరు పరీక్ష గురూ" అనేస్తాడు.

ఫైటింగ్ ఆటలా? 2004 ఎవో పోటీల్లో జస్టిన్ వాంగ్ 15 దెబ్బలు వరసగా విసిరితే, కొన ఊపిరితో ఉన్న దైగో ఉమెహారా ఒక్కటీ తగలనివ్వకుండా కాచుకుని, తిరిగి కొట్టి ఆ రౌండు గెలిచాడు. లోకమంతా నోరెళ్లబెట్టింది. తూకంరావు మాత్రం "బట్టీ" అన్నాడు.

ఎల్డెన్ రింగ్‌లో ఒకే రాక్షసుడి చేతిలో చచ్చి, చచ్చి, వాడి కదలికలు కనిపెట్టి గెలవాలి. "దానికి నైపుణ్యమెందుకు? ఎల్ఐసీ ఏజెంటుకుండే ఓపికుంటే సరిపోద్ది."

1984లో పుట్టిన టెట్రిస్‌ను 2023 డిసెంబరులో పదమూడేళ్ల అమెరికా కుర్రాడొకడు పాత నింటెండో మీద ఆడి ఆడి, ఆటే కొయ్యబారిపోయేలా చేశాడు. "చిన్నపిల్లాడు గెలిచేశాడంటే ఎంత తేలికో చూసుకో!"

పోర్టులో క్రేను నడిపే సొంత బావనూ వదల్లేదు. "నీది సిమ్యులేటర్ జానర్ కదా బావా, ఈజీయే."

"ఔన్రా, కంటైనరు జారితే రీస్టార్టు ఉండదంతే" అన్నాడాయన.

మరి అన్నిటికన్నా కష్టమైన ఆటేది? 2022 జూలైలో బీజీఎంఐని యాప్ స్టోర్లలోంచి తీసేశారు. మర్నాటి నుంచి తూకంరావు దృష్టిలో ప్రపంచంలోకెల్లా కష్టమైన ఆట అదే. కొత్తగా దించుకుని సరిచూసేవాడు లేడు కదా! మరుసటి ఏడాది మే నెలలో ఆట తిరిగొచ్చింది. వెంటనే మళ్లీ తేలికైపోయింది.

తమాషా ఏమిటంటే, అతను వెక్కిరించినవన్నీ విద్యలే. ఒకచోట చేతివేగం, ఒకచోట జ్ఞాపకం, ఇంకోచోట ఓపిక, మరోచోట ముందుచూపు. వీటిని ఒకే తక్కెడలో వేస్తే ముల్లు నిలవదు. పైగా యంత్రంతో ఆడే ఆటకి కష్టమెంతో తయారుచేసినవాడు ముందే నిర్ణయిస్తాడు. మనిషితో ఆడే ఆటకి ఆ హద్దు లేదు. ఎదుటివాడు ఎంత గట్టివాడైతే ఆట అంత కష్టం, దాని పేరేదైనా సరే.

కాబట్టి అటువైపు వెళ్లినప్పుడు తూకంరావుతో వాదన పెట్టుకోకండి. ఫోను అతని చేతికిచ్చి "ఒక్క ఆట వేద్దామా?" అనండి. ఇక్కడ సిగ్నల్ సరిగా లేదంటాడు. టీ డబ్బులు మాత్రం మీరే ఇవ్వాలి.