తాళంకప్పకు లైకులు

గ్రంథాలయం గురించి ఈమధ్య ఎవరు నోరు తెరిచినా ఒకటే మందు చెబుతున్నారు. కుర్రకారు రావడం లేదా? ఇన్‌స్టాగ్రాంలో ఖాతా తెరవండి. అయినా రాలేదా? రోజుకొక ఫోటో పెట్టండి. అప్పటికీ రాలేదా? రీల్ చెయ్యండి. పుస్తకాల గురించి కూడా ఒక ముక్క చెప్పండయ్యా అంటే, అది పాత పద్ధతి అంటారు. సంతలో పళ్లపొడి అమ్మేవాడు కూడా ఇంత ధీమాగా మాట్లాడగా నేను వినలేదు. వాడు కనీసం పళ్లున్నవాళ్లకే అమ్ముతాడు.

సరే, నేను మొండివాణ్ణి కాను. మాది గుడుపల్లె. బంగారుపేట నుంచి రైలెక్కితే బిసానత్తం దాటాక వచ్చే స్టేషను మాది, ఆ తర్వాతది కుప్పం. ఒక పక్కకు పోతే కన్నడం, ఇంకో పక్కకు పోతే అరవం. మేం ఏ రాష్ట్రంవాళ్లమో మా సెల్‌ఫోనుకే ఒక్కోసారి తికమక. ఇలాంటి చోట ఉండి, లోకం ఎటు పోతోందో తెలుసుకోకపోతే ఎట్లా? అందుకని ఈ మందు ఎట్లా వాడాలో శ్రద్ధగా చదివాను.

మొదటి మోతాదు పేరు బుక్‌ఫేస్. పుస్తకం అట్ట మీద ఒక మొహం అచ్చేసి ఉంటుంది. దాన్ని మన మొహానికి అడ్డం పెట్టుకుని, అట్ట మీది తలా మన మొండెమూ ఒకటే మనిషిలా కనబడేట్టు ఫోటో దిగాలి. న్యూయార్కు మొదలుకొని చాలా ఊళ్ల గ్రంథాలయాలు శుక్రవారం శుక్రవారం ఈ ముచ్చట జరుపుతాయి. మన గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారమే. అయినా అంత చిన్న విషయానికి వెనకాడితే ప్రగతి ఎట్లా వస్తుంది?

ఒక శాఖా గ్రంథాలయానికి పోయాను. ఏ ఊరిదో చెప్పను, మీ ఊరిదే అనుకోండి. బీరువాలోంచి ఒక పుస్తకం లాగాను. దానికి బొమ్మ లేదు. అచ్చయినప్పుడు ఉండే ఉంటుంది. గ్రంథాలయంలో అడుగు పెట్టాక దాన్ని పీకేసి, దళసరి అట్ట వేసి, వెన్నుకు కాలికో గుడ్డ అంటించి, తెల్ల రంగుతో నంబరు వేశారు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. శరత్ నవల, పశుపోషణ, ఎవరో మంత్రిగారి జీవితచరిత్ర, అన్నీ ఒకే యూనిఫారంలో నిలబడి ఉన్నాయి, హాస్టలు పిల్లల మాదిరి. ఏది మొహానికి అడ్డం పెట్టుకున్నా ఫోటోలో నా మెడ మీద ఒక మట్టిరంగు పలకే పడింది. ఇంకో సంగతి. పుస్తకాన్ని ఎవరైనా ఎత్తుకుపోతే పట్టుకోవడానికి లోపల ఎక్కడో ఒక పేజీలో రహస్యంగా ముద్ర వెయ్యడం గ్రంథాలయాల పాత అలవాటు. ఆ రహస్యం భద్రంగానే ఉంది. ఆ పేజీ దాకా ఎవరూ పోలేదు.

రెండో మోతాదు కాస్త ఘాటైనది. 2018 ఆగస్టులో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్లు 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' మొత్తాన్ని ఇన్‌స్టాగ్రాం స్టోరీల్లోకి ఎక్కించారు. తెర మీద వేలు ఆనిస్తే పేజీ ఆగుతుంది, వేలు తీస్తే తిరుగుతుంది. ఆ తర్వాత కాఫ్కానూ అట్లాగే ఎక్కించారు. ఇది మంచి పనే, దీన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ ఆ స్టోరీ వెనకాల తొంభైకి పైబడిన శాఖలున్నాయి. ఫోన్లో చూసి ముచ్చటపడిన పిల్ల వీధి చివరిదాకా నడిస్తే అదే పుస్తకం చేతికొస్తుంది. మన నిపుణులు అక్కణ్ణుంచి ఫోటోను తెచ్చుకున్నారు. శాఖలను అక్కడే దిగవిడిచి వచ్చారు, విమానంలో బరువెక్కువవుతుందని కాబోలు.

ఫోటో పిచ్చి పదహారేళ్ల పిల్లలదని మనం ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, అసలు రోగి ప్రభుత్వ కచేరీలో ఉన్నాడు. మన రాష్ట్రంలో పంతుళ్లు మొన్నమొన్నటిదాకా బడి మరుగుదొడ్లను ఫోటో తీసి యాప్‌లో ఎక్కించారు. పని జరిగిందా అని అడిగేవాడు పోయాడు, ఫోటో పడిందా అని అడిగేవాడు వచ్చాడు. గ్రంథాలయాలకు ఏటా ఆ ఫోటోల పండగ నవంబరు 14 నుంచి 20 దాకా, జాతీయ వారోత్సవాల పేరుతో. గ్రంథాలయ ఉద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య పటానికి ఒక దండ, రంగనాథన్ పటానికి ఒక దండ, ముఖ్య అతిథికి మాత్రం రెండు దండలూ ఒక శాలువా. పక్కనున్న బడి నుంచి పిల్లల్ని వరుసగా తెచ్చి, చేతికి తలా ఒక పుస్తకం ఇచ్చి, ఫోటో దిగి, పుస్తకాలు తిరిగి తీసుకుని, బిస్కెట్లు ఇచ్చి పంపుతారు. చదువరులను పెంచడంలో ఇంతకన్నా వేగమైన పద్ధతి ఇంకెక్కడా లేదు. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు, పుస్తకాలున్నది వాడుకోవడానికే అనేది అందులో మొదటిది. ఆరోది ఇప్పుడు మనవాళ్లు రాస్తున్నారు: పుస్తకాలున్నది పట్టుకుని నిలబడటానికి.

ఇంకా ఫాలోవర్ల లెక్క ఉంది. గ్రంథాలయం బాగుపడిందా లేదా అన్నది ఇకమీదట ఫాలోవర్లను బట్టి తేలుస్తారట. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో, తన కోసమే పెట్టిన సంఘాన్ని తన చేత్తోనే రద్దు చేసి, నాకు అనుచరులు వద్దని పంపించేశారు. అది మాకు రెండు మూడు గంటల దారి. అంత పెద్దమనిషి వద్దన్న సరుకును ఇప్పుడు మా బీరువాలకు అంటగడతామంటున్నారు.

పిల్లల సంగతి పిల్లల్నే అడుగుదామని, స్టేషనులో కుప్పం రైలు కోసం నా పక్కన కూర్చున్న ఒక ఇంటర్ పిల్లోణ్ణి పలకరించాను. వేరే మండలం వాడు. చేతిలో ఫోను, చెవిలో తీగ.

"ఏం అబ్బయ్యా, మీ ఊరి లైబ్రరీ ఇన్‌స్టాలోకి వస్తే ఫాలో అవుతావా?"

"అవుతాను సార్. దాందేముంది, ఒక్క నొక్కుడే గదా."

"మరి లైబ్రరీకి పోతావా?"

"అది యాడుండాది సార్?"

ఎక్కడుందో నాకు తెలిసినంత చెప్పాను.

"ఓ, ఆ తాళమేసిన రూమా! ఏదో గోడౌను అనుకుంటి. నేను కాలేజీకి పోయేటప్పుడూ తాళమే, వచ్చేటప్పుడూ తాళమే."

కాసేపు ఫోను చూసుకుని, మళ్లీ నా వైపు తిరిగాడు. "ఆడ ఫ్యాను ఉండాదా సార్? సాయంత్రం కూర్చోనిస్తారా? మా ఇంట్లో టీవీ మోతకు చదవను కాదు."

ఆ పిల్లోడు అడిగినవి మూడే ప్రశ్నలు. మూడింటిలోనూ ఇన్‌స్టాగ్రాం లేదు.

ఫ్యాను, కుర్చీ, దీపం ఉంటే కుర్రకారు ఏం చేస్తుందో చూడాలంటే హైదరాబాదులో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోండి. ఉద్యోగ పరీక్షల పిల్లలు తెల్లారకముందే వచ్చి చోటు పట్టుకుంటారు. లోపల చాలకపోతే చెట్ల కింద కూర్చుంటారు. వాళ్లను ఏ రీలూ పిలవలేదు. వాళ్లు చదివేది కథలూ నవలలూ కాదు కదా అని మొహం చిట్లించే పెద్దలున్నారు. ముందు వాళ్లను కూర్చోనివ్వండి సామీ, పరీక్ష పుస్తకం విసుగొచ్చిన రోజు పక్క బీరువాలో చెయ్యి పెట్టకపోతే అప్పుడు చిట్లించండి. ఆ బీరువాలో మన చిత్తూరు మాటలో నామిని రాసిన 'పచ్చనాకు సాక్షిగా' ఉంటే, తియ్యకుండా ఎట్లా ఉంటారో నేనూ చూస్తాను.

మనుషులు గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే మనుషుల దగ్గరికి పోవడం మనకు కొత్త కాదు. 1914లో బెజవాడలో మహాసభ పెట్టి గ్రంథాలయ ఉద్యమం మొదలెట్టినవాళ్ల చేతిలో కెమెరా ఉందో లేదో గానీ కాళ్లున్నాయి. 1930ల్లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. అంత దూరం ఎందుకు, మా గుడివంక దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లకు 172 ఎకరాల ప్రాంగణం ఉంది. సైన్సు పరికరాలను వ్యాన్లలో వేసుకుని వాళ్లు బళ్లకు పోతారు. వ్యాను ఆగీ ఆగకముందే పిల్లలు మూగుతారు, ముట్టుకుని చూసేది ఏదో ఉంది కాబట్టి. మనం చూపించే ఫోటోలో ముట్టుకునేది ఏముంది? గాజు.

ఒక్క విషయంలో మాత్రం ఇన్‌స్టాగ్రాంను మెచ్చుకోవాలి. పదమూడేళ్లు నిండనిదే ఖాతా ఇవ్వనని నియమమైనా పెట్టుకుంది. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టం ఇంకో అడుగు వేసి, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలు వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలంది. మన పద్ధతి దీనికి తలకిందులు. యాభై రూపాయల పుస్తకం ఇంటికి తీసుకుపోవాలంటే పిల్ల డిపాజిట్టు కట్టాలి, కార్డు చేయించుకోవాలి, పోగొడితే జరిమానా. ఆ పిల్ల మొహాన్ని లోకమంతటికీ పంచడానికి మాత్రం ఎవర్నీ అడగనక్కరలేదు, ఎవరికీ పైసా కట్టనక్కరలేదు.

పైసా అంటే గుర్తొచ్చింది. ఈ మందు అమ్మేవాళ్లు దీనికి ఖర్చేమీ లేదని పదే పదే చెబుతారు. అందుకే ఇది ఇంత బాగా అమ్ముడుపోతోంది. కొత్త పుస్తకాలకు డబ్బు కావాలి. తలుపు తీసి సాయంత్రం దాకా కూర్చునే మనిషికి జీతం కావాలి. ఒకే మనిషిని రెండు మూడు శాఖలకు తిప్పుతూ, ఆయన ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో ఆయనకే తెలియకుండా చేసి, నువ్వు రోజుకు మూడు ఫోటోలు పెట్టు నాయనా అంటే, ఆయన మటుకు ఏ ఫోటో పెడతాడు? బస్సు కిటికీదే.

ఆ డబ్బు లేదని అనుకోవద్దు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయానికని వసూలవుతాయి. అయిదు వందల పన్ను కట్టేవాడు నలభై రూపాయలు పుస్తకాల కోసమే కడుతున్నాడు. పంచాయతీలూ మునిసిపాలిటీలూ ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. సకాలంలో జమ కాక బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రమంతటా ఏటా పత్రికల్లో చదివే వార్తే.

కాబట్టి గుడుపల్లె, కుప్పం, పుంగనూరు, మదనపల్లె వైపు పిల్లలందరికీ ఒక విన్నపం. మీ చేతిలో ఎట్లాగూ ఫోను ఉంది. ఇంట్లో పెట్టె తెరిచి ఈ ఏటి ఇంటిపన్ను రసీదు వెతకండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. పేరూ ఇంటి నంబరూ వేలితో మూసి, ఆ గడిని ఫోటో తియ్యండి. పక్కనే మీ ఊరి గ్రంథాలయం తలుపును, సాయంత్రం అయిదు గంటలకు ఎట్లా ఉందో అట్లాగే, ఇంకో ఫోటో తియ్యండి. రెండూ కలిపి పెట్టండి. దానికి మొదటి లైకు నాది.